మనకి రోమ్ ఎందుకు? (పదకొండో భాగం)



ఈ వారం బంజరు భూముల పంపకాల గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారానికి జరుపుతున్నా. మధ్యలో మా మేనకోడలు ఫోన్ చేసి ఒక ప్రశ్న అడిగింది, దానికి ఫోన్లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను. ఆమె ఒక్కతే కాదు, ఇన్‌బాక్స్‌లో ఇలాంటి ప్రశ్న అడిగే పిల్లలు చాలామంది ఉన్నారు.

అమ్మాయికి బయట రాష్ట్రంలో ఒక యూనివర్సిటీలో సీటొచ్చింది. మేజర్ ఎకనామిక్స్. ఇప్పుడు మైనర్ ఏదో ఒకటి ఎంచుకుని ఫారం నింపాలి. ఆ జాబితాలో ‘ప్రాచీన గ్రీకు, రోమన్ సంస్కృతి’ అని ఉందట. "మావయ్యా, నువ్వు కూడా ఇదే కదా చదివావు? నిజం చెప్పు, ఏమన్నా పనికొచ్చిందా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా బావ ఫోన్ లాక్కున్నాడు. "మైనరంటే ఏంది బావా? సాగర్ మైనరా?"

పల్నాడు, ప్రకాశం వాళ్ళకి ఈ మాట అర్థమవుతుంది. మిగతావాళ్ళ కోసం చెప్తాను. నాగార్జునసాగర్ కుడి కాలవ నుంచి బ్రాంచి కాలవలు, వాటి నుంచి మేజర్లు, మేజర్ల నుంచి మైనర్లు చీలతాయి. మేజర్ పక్కన పొలం ఎవరిదో, మైనర్ చివర అరెకరం ఎవరిదో నేను చెప్పక్కర్లేదు. నీళ్ళు చివరికి వచ్చేసరికి మిరపతోట వడబడిపోయి ఉంటుంది. అందుకే మా బావకి మైనర్ అనగానే అనుమానం. పైన వాడుకోగా మిగిలింది మనకి పారేది అని ఆయన లెక్క. ఇరవై ఏళ్ళ కిందట నేను ఆ మైనర్ తీసుకున్నప్పుడు నాకూ అదే అనుమానం ఉండేది.

అప్పుడు నన్ను రెండు వైపుల నుంచీ అడిగారు. ఒక మాస్టారు, పేరు అనవసరం, నా ఫారం చూసి నీలాంటి వాడికి సోషల్ వర్క్ నప్పుతుంది కదా అన్నాడు. ‘నీలాంటి వాడు’ అంటే ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇటు మన సంఘం మిత్రులేమో, ఊళ్ళో శ్మశానానికి దారి లేక కొట్టుకు చస్తుంటే తెల్లోడి తాతల కథలు ఎందుకురా అన్నారు. మాస్టారి మీద కోపమొచ్చింది. మిత్రుల మీద రాలేదు, వాళ్ళు అడిగింది న్యాయమైన ప్రశ్న. మా మేనకోడలి ప్రశ్న కూడా అదే.

మా నాయనమ్మ దగ్గర మొదలుపెడతాను. ఆమెకి చదువు రాదు. మిరపకాయ కోతలకి పోయేది, కల్లంలో తాలుకాయ ఏరేది, పత్తి తీతకి పోయేది. కానీ ఆదివారం ఆరాధనలో విని విని బైబిలు సగం నోటికొచ్చు. నేను యూనివర్సిటీలో గ్రీకు అక్షరాలు కూడబలుక్కుంటూ మొదటి పుస్తకం తెరిచినప్పుడు, క్లాసులో ఇంగ్లీషు దంచే పిల్లలందరికంటే ముందు నాకు తెలిసిన మాటలు ఉన్నాయి. బాప్తిస్మం గ్రీకు మాట. అపొస్తలుడు గ్రీకు మాట. క్రీస్తు, పెంతెకొస్తు గ్రీకు మాటలే. కైసరు అంటే రోమన్ సీజర్. కొరింథు, ఎఫెసు, ఫిలిప్పీ ఊళ్ళు. ఇవన్నీ మాలపల్లెలో, మాదిగపల్లెలో రోజూ పలికే మాటలు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువ మంది మాదిగలు. గ్రీకు, రోమన్ ప్రపంచం మన వాడల్లోకి వచ్చింది ఆ దారిన. యూనివర్సిటీ దారి అందుకు చాలా తర్వాతది.

దేనారం అనే మాట చూడండి. ద్రాక్షతోట కూలీల ఉపమానంలో రోజు కూలి ఒక దేనారం. పొద్దున వచ్చినవాడికీ, పొద్దుగూకే ముందు వచ్చినవాడికీ ఆసామి ఒకటే కూలి ఇస్తాడు. పాస్టరుగారు దీన్ని దేవుని కృప అని చెప్పేవారు. నాయనమ్మ మాత్రం అలాంటి ఆసామి మన ఊళ్ళో ఒక్కడన్నా పుట్టకూడదా అనేది. క్లాసులో దేనారియస్ బొమ్మ తెర మీద వేసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆమె కొంగుముడే. వెండి నాణెం, మీద చక్రవర్తి తల. కైసరుకు పన్ను కట్టొచ్చా అని అడిగితే యేసు తెప్పించి చూసిన నాణెం టైబీరియస్ చక్రవర్తిదని చాలామంది పండితుల ఊహ. అదే టైబీరియస్, ఆయన ముందటి అగస్టస్ బొమ్మలున్న వెండి దేనారాలు కృష్ణకి అవతల నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందల పైచిలుకు దొరికాయి. నాయనమ్మకి ఈ సంగతి చెప్పే అవకాశం నాకు రాలేదు.

ఇక ఇవతలి ఒడ్డు. 1889లో వినుకొండలో 15 రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. అన్నిటికంటే పాతది టైబీరియస్ నాటిది, కొత్తది కారకల్లా నాటిది. అంటే మొదటి శతాబ్దం నుంచి మూడో శతాబ్దం మొదటి దాకా. టైబీరియస్ నాటి బంగారు నాణెం ఏడు గ్రాముల పైనే తూగేది. రోమన్ లెక్కలో ఒక బంగారు నాణేనికి 25 దేనారాలు. పదిహేను నాణేలంటే 375 దేనారాలు, ఉపమానంలో కూలి ప్రకారం ఒక మనిషికి ఏడాది దాటిన కష్టం. అది పాలస్తీనా కూలి. ఇక్కడ కూలి ఎంతో ఏ రాతలోనూ లేదు. ఎవరి చేతిలో ఉండేవి ఈ నాణేలు, ఎందుకు దాచారు, ఎందుకు తిరిగి తీసుకోలేదు అన్నది కూడా ఏ రాతలోనూ లేదు.

ఎందుకొచ్చాయన్నది మాత్రం కొంత తెలుసు. మొదటి శతాబ్దంలో, ఈజిప్టు రేవుల నుంచి ఇటు వ్యాపారం చేసిన ఒక గ్రీకు నావికుడు చిన్న పుస్తకం రాసిపెట్టాడు. ఏ రేవులో ఏం దొరుకుతుంది, ఏం అమ్ముడుపోతుంది అని. పేరు ‘పెరిప్లస్’. తూర్పు తీరం మీద ‘మసాలియా’ అనే ప్రాంతం గురించి అందులో ఒక వాక్యం ఉంది. అక్కడ సన్నబట్టలు చాలా ఎక్కువగా తయారవుతాయని దాని సారం. మసాలియా అంటే కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల మన కోస్తానే అని చరిత్రకారులు గుర్తుపట్టారు. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కంటకోస్సిల రేవు ఇప్పటి ఘంటసాల.

ఆ వాక్యంలో బట్టకి వాడిన గ్రీకు మాట ‘సిందోన్’. నాకు ఆ మాట ముందే తెలుసు. మార్కు సువార్తలో అరిమతయి యోసేపు యేసు శరీరాన్ని చుట్టడానికి కొన్న బట్ట కూడా గ్రీకులో సిందోనే. మన తెలుగు బైబిల్లో నారబట్ట అని ఉంటుంది. వెంటనే ఫోన్ తీసి, యేసుని చుట్టింది మన గుంటూరు బట్టే అని ఫార్వర్డ్ చేయకండి. అది నారబట్టే అయ్యుండాలి, సిందోన్ అనేది సన్నబట్టలన్నిటికీ వాడిన మాట. నేను చెప్పేది ఇంతే. మన నేల పత్తిబట్టకీ, మన అమ్మలు ప్రతి గుడ్ ఫ్రైడేకి ఏడ్చే ఆ బట్టకీ ఒకే భాషలో ఒకే పేరు ఉంది. గ్రీకు రాకపోతే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

(పక్కమాట ఒకటి. గుంటూరంటే మిరపకాయ అనుకుంటాం కదా, ఆ కాలంలో ఈ నేల మీద మిరప మొక్కే లేదు. అది అమెరికా ఖండాల పంట, పోర్చుగీసువాళ్ళ ఓడలొచ్చాకే ఇటు చేరింది. రోమన్లు కొనుక్కెళ్ళింది మలబారు మిరియాలు. యార్డులో టిక్కీలు మోసే మన అన్నల భుజం మీద ఉన్నది కూడా వలస పంటే.)

ప్లీనీ అనే రోమన్ రచయిత, ఏడాదికి ఐదు కోట్ల సెస్టర్సీలు భారతదేశానికి పోతున్నాయని గుండెలు బాదుకున్నాడు. నాలుగు సెస్టర్సీలు ఒక దేనారం. ఈ వాక్యం పట్టుకుని మనవాళ్ళు ఉపన్యాసాలు దంచుతారు. రోమ్ బంగారమంతా మన దగ్గరికే వచ్చిందట, అదీ మన స్వర్ణయుగమట. సరే, వచ్చింది. ఎవరింటికి వచ్చింది? ఒక మగ్గం ఆడాలంటే కొంతమంది ఆడవాళ్ళు పొద్దుగూకులూ నూలు వడకాలి. అప్పటికి రాట్నం లేదు, చేతికదురే. పత్తి తీసిన వేళ్ళు, గింజ తీసిన వేళ్ళు, ఏకులు పట్టి వడికిన వేళ్ళు. వాళ్ళలో ఒక్కరి పేరు కూడా ప్లీనీకి తెలియదు, పెరిప్లస్ నావికుడికి తెలియదు, మన రాజుల శాసనాలకీ పట్టలేదు. మొన్నమొన్నటి దాకా ముతకబట్ట నేసి బతికిన మాలల పేర్లే ఏ పుస్తకంలోనూ లేవు, రెండు వేల ఏళ్ళ కిందటి వాళ్ళ పేర్లు ఎక్కడ ఉంటాయి? ఆ వడికినవాళ్ళు మన కులాలే అని నేను అనడం లేదు. అప్పటి పేర్లు వేరు, కట్లు వేరు. కష్టం మాత్రం తెలిసిన కష్టమే.

ఒక్క పేరు మాత్రం దొరుకుతుంది. అమరావతి స్తూపం దగ్గర పూర్ణఘటం చెక్కిన ఒక పలక ఉంది. దాన్ని దానం ఇచ్చింది విధికుడు. శాసనంలో అతని వృత్తి ‘చమ్మకార’ అని ఉంది, అంటే చర్మకారుడు. అతని తండ్రి నాగుడు, ‘ఉపఝాయ’, అంటే ఉపాధ్యాయుడు. ఈ రెండు మాటలు పక్కపక్కన ఉన్న ఆ ప్రాకృత వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. అయ్య పంతులు, కొడుకు తోలు పనివాడు, ఇద్దరి పేర్లూ రాతి మీద. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన రాష్ట్ర చిహ్నం మధ్యలో కనపడే పూర్ణఘటం అదే. కలెక్టరాఫీసు కాగితాల మీద, మనకి కులం సర్టిఫికెట్ ఇచ్చే కాగితం మీద ఉన్నది ఒక చెప్పులు కుట్టేవాడి కుటుంబం ఇచ్చిన కలశం. ఆ పలక చెక్కిన కాలంలోనే ఇక్కడి బట్ట రోమ్ ఓడలెక్కుతోంది. చర్మకారుడికి, ఉపాధ్యాయుడికి మధ్య గోడ ఎప్పుడు లేచింది? ఈ ప్రశ్న మనం వేయకపోతే ఎవరూ వేయరు.

ఇక అంబేడ్కర్. బాబాసాహెబ్ రోమ్ చదివాడు, ప్లేటో చదివాడు. ఊరికే చదవలేదు, కులాన్ని కొట్టడానికి చదివాడు. 1936 నాటి ‘కుల నిర్మూలన’లో రోమ్ ప్లెబియన్ల ప్రస్తావన ఉంది. ప్లెబియన్లు అంటే సామాన్యులు, పెట్రీషియన్లు అంటే పెద్దింటి వాళ్ళు. ప్లెబియన్లు పోరాడి తమ మనిషి కాన్సల్ అయ్యే హక్కు తెచ్చుకున్నారు. అయినా గట్టివాడెవడూ కాన్సల్ కాలేకపోయాడు, ఎందుకంటే వాడు దేవతకి సమ్మతమో కాదో చెప్పే పూజారులు పెట్రీషియన్లు. మతం వాళ్ళ చేతుల్లో ఉన్నంతకాలం ఓటు ఒక్కటే సరిపోలేదు అన్నది ఆయన వాదన.

ఇక్కడ ఒక మాట అంటాను, కోపగించుకోకండి. ఆ పేరాలో వివరాలు కొన్ని ఇప్పటి చరిత్రకారుల లెక్కకి సరిపోవు. బాబాసాహెబ్ డెల్ఫీ అన్నాడు, డెల్ఫీ గ్రీసులో ఉంది. రోమ్‌లో ఆ పని చేసింది ఆగర్లు, పక్షుల ఎగరడం చూసి శకునం చెప్పేవాళ్ళు. కానీ అసలు వాదన చూడండి. ప్లెబియన్లకి కాన్సల్ పదవి తెరిచిన చట్టం క్రీ.పూ. 367లో వచ్చింది. పూజారి పదవులు, శకునం చెప్పే పదవులు తెరిచిన ఒగుల్నియన్ చట్టం క్రీ.పూ. 300లో వచ్చింది. మధ్యలో 67 ఏళ్ళు. రాజ్యం తలుపు ముందు తెరిచారు, గుడి తలుపు చివరికి తెరిచారు. వివరం తప్పినా ఆయన వేలు పెట్టిన చోటు తప్పలేదు. పూజారి పని వంశపారంపర్యం కాకూడదు, పరీక్ష పెట్టి ఎవరికైనా ఇవ్వాలి అని అదే పుస్తకంలో ఆయన రాసింది ఊరికే కాదు. బాబాసాహెబ్‌ని ఫోటోలో పెట్టి దండ వేయడం ఒక పని, ఆయన చదివిన పుస్తకాలు చదివి ఆయనతో మాట్లాడటం ఇంకో పని. నాకు రెండోది నేర్పింది ఆ మైనరే.

పెళ్ళి సంగతి చూడండి. రోమన్లు క్రీ.పూ. 451, 450ల్లో చట్టాలు మొదటిసారి పన్నెండు పలకల మీద రాసుకున్నారు. అందులో ఒకటి, పెట్రీషియన్లకీ ప్లెబియన్లకీ మధ్య పెళ్ళి చెల్లదు. క్రీ.పూ. 445లో కనులేయస్ అనే ప్లెబియన్ ట్రిబ్యూన్ దాన్ని ఎత్తేయించాడు. అప్పుడు పెద్దింటివాళ్ళు ఏమని గోల పెట్టారో లివీ రాశాడు. రక్తం కలుషితమైపోతుంది, శకునాలు చెడిపోతాయి, పుట్టినవాడు ఎవరి బిడ్డో తెలియకుండా పోతుంది. పేర్లు మార్చి చదివితే, మన జిల్లాల్లో ప్రేమించుకున్న పిల్లల్ని చంపినవాళ్ళు పోలీస్ స్టేషన్లో చెప్పే మాటలే. రోమ్‌లో ఆ చట్టం బతికింది ఐదారేళ్ళు. మన దగ్గర కాగితం మీద అలాంటి చట్టం ఏదీ లేదు. అయినా ఊరూరా నడుస్తోంది.

కారంచేడు సంగతి రాయకుండా ఉండలేను. లివీ కథ ప్రకారం క్రీ.పూ. 494లో అప్పులకి కట్టుబానిసలైపోతున్న ప్లెబియన్లు పట్నం వదిలి కొండ మీదికి వెళ్ళి కూర్చున్నారు. రాజీకి వచ్చిన మెనేనియస్ వాళ్ళకి ఒక కథ చెప్పాడు. చేతులు, నోరు, పళ్ళు కలిసి, పొట్ట ఊరికే తింటోందని దాని మీద సమ్మె చేశాయట, చివరికి ఒళ్ళంతా ఎండిపోయిందట. మీరు చేతులు, మేం పొట్ట అని సారం. మనకి ఈ కథ కొత్త కాదు. మన దగ్గర పురుషుడి నోరు, చేతులు, తొడలు, పాదాలు. లోకమంతా పైనున్నవాడు కిందివాడికి శరీరం కథ చెప్తాడు, ఏ కథలోనూ వాడు పాదం కాడు. ప్లెబియన్లు కథ విన్నారు కానీ, తమ మనుషులు ట్రిబ్యూన్లుగా ఉండాలి, వాళ్ళ మీద చెయ్యేస్తే చావే శిక్ష అని ఒప్పించుకున్నాకే కొండ దిగారు. లివీ ఇది రాసింది దాదాపు ఐదు వందల ఏళ్ళ తర్వాత, అందుకని ప్రతి మాటా నమ్మనక్కర్లేదు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్ళు ఊరు వదిలి చీరాల చేరారు, అక్కడే శిబిరం వేసుకున్నారు, ఆ ఊరికి మళ్ళీ పోమన్నారు. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరం నుంచే. 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఆ నెత్తురు ఉంది. క్లాసులో ప్లెబియన్ల కొండ గురించి చెప్తుంటే నాకు చీరాల కనపడింది. టర్మ్ పేపర్ దాని మీదే రాశాను. రాస్తూ రాస్తూ తేడా కూడా అర్థమైంది. రోమ్ పెద్దలకి ప్లెబియన్లు లేకపోతే సైన్యం లేదు, అందుకే కొండెక్కి బతిమాలారు. కారంచేడు వాళ్ళు సమ్మెకి పోలేదు, ప్రాణాలు దక్కించుకోవడానికి పరిగెత్తారు. పోలిక మనల్ని ఎక్కడి దాకా తీసుకెళ్తుందో, ఎక్కడ వదిలేస్తుందో చూడటమే చరిత్ర చదవడం.

బానిసల సంగతీ అంతే. రోమ్ బానిసల్లో వైద్యులు, పంతుళ్ళు, లేఖకులు ఉండేవారు. యజమాని వాళ్ళని కొన్నాడు కాబట్టి తన సొమ్ము వృథా కాకుండా చదువు కూడా చెప్పించేవాడు. బాబాసాహెబ్ ఇది పట్టుకుని, అంటరానివాడికి అదీ లేదు, ఎవడి సొత్తూ కాదు కనక ఎవడికీ పట్టలేదు అన్నాడు. నిజమే. కానీ గనుల్లో, పొలాల్లో సంకెళ్ళతో చచ్చిన బానిసలూ వాళ్ళలోనే ఉన్నారు. స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక క్రీ.పూ. 71లో కాపువా నుంచి రోమ్ దాకా దారి పొడుగునా ఆరువేల మందిని సిలువ వేశారు. సిలువ ముఖ్యంగా బానిసలకి వేసే శిక్ష. మా వాడలో చర్చి మీద, నాయనమ్మ సమాధి మీద ఉన్నది అదే గుర్తు. ఇది తెలిసిన రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

హొరేస్ అనే రోమన్ కవి తండ్రి విడుదలైన బానిస. పెద్దింటి పిల్లలు చదివే చోట చదివించాలని కొడుకుని రోమ్ తీసుకెళ్ళి, తనే వెంట ఉండి పంతుళ్ళ దగ్గరికి నడిపించాడు. కొడుకు పెద్ద కవి అయ్యాక అయ్య గురించి దాచలేదు, పద్యంలో గర్వంగా రాసుకున్నాడు. ఆ బంగారు నాణేలు దొరికిన వినుకొండలోనే, అవి దొరికిన ఆరేళ్ళకి, 1895లో గుర్రం జాషువా పుట్టాడు. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఈ రెండు జీవితాల మధ్య పోలిక ఇంకా ఎవరూ సరిగ్గా రాయలేదు. రాయాల్సిన పిల్ల బహుశా ఇప్పుడు ఫారం నింపుతోంది.

అమ్మాయ్, నీ ప్రశ్నకి జవాబు. దీనివల్ల ఉద్యోగం రాదు. నాకు తిండి పెట్టింది ఎకనామిక్సే, నీకూ అదే పెడుతుంది, దాన్ని గట్టిగా పట్టుకో. మీ నాన్న చేసిన అప్పు దాంతోనే తీరాలి. కానీ మైనర్ మాత్రం ఇది తీసుకో. గ్రీకు ఒక ఏడాదైనా చదువు. అక్షరాలు వారంలో వస్తాయి, క్రియలు ఏడిపిస్తాయి. ‘నీలాంటి వాళ్ళు’ అని ఎవరైనా అంటే, నాలాగా ఊరుకోకు, ‘ఎలాంటి వాళ్ళు సార్’ అని అడుగు. సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు అనుపుకి పోదాం. సాగర్ నీళ్ళలో మునగకుండా నాగార్జునకొండ నుంచి తెచ్చి మళ్ళీ కట్టిన రంగస్థలం అక్కడుంది, మెట్లతో, అచ్చం రోమన్ బొమ్మల్లో ఉన్నట్టు. అక్కడి నుంచి లాంచీలో కొండ మీదికి పోదాం. ఆ తవ్వకాల్లో దొరికిన ఒక స్తంభం మీద గడ్డంతో, చేతిలో తాగే కొమ్ముతో నిలబడ్డ మనిషిని చాలామంది గ్రీకుల మద్యదేవుడు డయొనైసస్ అంటారు. మీ నాన్నని కూడా తీసుకొద్దాం, మైనర్ ఎక్కడ మొదలవుతుందో ఆయనకి చూపించాలి.

మిత్రులకి ఒక కోరిక. మీ ఇళ్ళల్లో నూలు వడికిన, ముతకబట్ట నేసిన ముసలివాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే, వాళ్ళు వాడిన మాటలు రాసి పంపండి. కదురు, ఏకు, పడుగు, పేక నాకు తెలుసు. వీటికి మీ ఊళ్ళో వేరే పేర్లుంటే అవి కావాలి. చీరాల, వేటపాలెం, వినుకొండ, మార్కాపురం వైపు వాళ్ళు ముఖ్యంగా. ఏ ఊరు, ఏ వాడ, ఎవరు చెప్పారో కూడా రాయండి.

బంజరు భూముల సంగతి వచ్చే ఆదివారం. జై భీమ్.